ఆ పాట ఏ టేపుది?

బీటిల్స్ బృందం 1967లో తెచ్చిన ‘సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ ఆల్బంలో ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ అనే పాట ఉంది. తెల్లవారకముందే ఇల్లు విడిచి వెళ్ళిపోయిన కూతురి కథ అది. 1987లో ఈ ఆల్బం సీడీగా వచ్చినప్పుడు కొన్నవాళ్ళు విన్నది స్టీరియో మిక్సు, అంటే శబ్దాలను రెండు స్పీకర్లకు పంచి కలిపిన రూపం. అందులో పాట నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది. విడుదలైన కాలంలో ఇంగ్లండ్‌లో ఎక్కువ ఇళ్ళల్లో మోగింది మాత్రం మోనో మిక్సు, అంటే అన్నిటినీ ఒకే స్పీకరుకు కలిపిన రూపం. అందులో అదే పాట కాస్త చురుగ్గా సాగుతుంది, శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది, పాల్ మెకార్ట్‌నీ గొంతు లేతగా వినిపిస్తుంది. పాడినవాళ్ళు వాళ్ళే, పాడింది ఒక్కసారే. మిక్సు చేసేటప్పుడు టేపును ఏ వేగంతో తిప్పారన్న దగ్గర తేడా వచ్చింది. ఇరవై రెండేళ్ళపాటు సీడీ శ్రోతలకు అధికారికంగా ఆ నెమ్మది పాటే దక్కింది. మోనో మిక్సు సీడీగా రావడానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది.

అరవైల పాప్ సంగీతపు అభిమానులు ఇద్దరు కలిస్తే మొదట వచ్చే ప్రశ్నలు ఇలాంటివే. నీ దగ్గరున్నది ఏ సీడీ? ఏ మిక్సు? ఏ టేపు నుంచి తీశారు? బయటివాళ్ళకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇందులో ఒక పాండిత్యం కనిపిస్తుంది. సి.పి. బ్రౌన్ ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి చదివించి, పాఠాంతరాలు గుర్తింపజేశాడు. ఈ అభిమానులు చేసేదీ అదే పని, చెవులతో. పాత పాట మళ్ళీ మార్కెట్లోకి వచ్చినప్పుడల్లా ఎవరో ఒక ఇంజనీరు ఒక టేపును ఎంచుకుంటాడు, వేగం నిర్ణయిస్తాడు, శబ్దం దిద్దుతాడు. అతను ఏం చేశాడో కనిపెట్టి చెప్పేవాళ్ళు లేకపోతే, మనకు అందిన పాటే అసలు పాట అనుకుని ఊరుకుంటాం.

మోనో మీద వీళ్ళకు అంత పట్టింపు ఎందుకో తెలియాలంటే అప్పటి స్టూడియో పద్ధతి తెలియాలి. ఆ రోజుల్లో ఇంగ్లండ్ కుర్రకారు పాటలు విన్నది ట్రాన్సిస్టర్ రేడియోల్లో, ఒకే స్పీకరున్న రికార్డు ప్లేయర్లలో. అందుకే సార్జంట్ పెప్పర్ మోనో మిక్సుకు బీటిల్స్ దగ్గరుండి ఏ శబ్దం ఎంత వినపడాలో తేల్చుకున్నారు. స్టీరియో మిక్సును నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ తర్వాత కొద్ది రోజుల్లో ముగించారు.

అంతకుముందు సంగతి ఇంకా మోటు. 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో తొలి ఆల్బం కోసం పది పాటలు పాడారు. రెండు ట్రాకుల టేపు అది. ఒకదాని మీద ప్రధానంగా వాద్యాలు, రెండోదాని మీద గొంతులు. మోనోలో కలిపేటప్పుడు పాట, వాద్యం పాళ్ళు సరిచూసుకోవడానికే ఆ ఏర్పాటు. వాటిని అలాగే ఎడమా కుడీ స్పీకర్లకు పంచేసి స్టీరియో రికార్డు అన్నారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే డ్రమ్ములు ఒక చెవిలో, జాన్ లెనన్ గొంతు మరో చెవిలో వినిపిస్తాయి. నడుమ ఏమీ ఉండదు.

అమెరికాలో నిర్మాత ఫిల్ స్పెక్టర్ అసలు స్టీరియోనే ఒప్పుకోలేదు. హాలీవుడ్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియో గది చిన్నది. అందులో ఒకటికి మూడు నాలుగు గిటార్లు, ఒకటికి మించిన పియానోలు, బేస్‌లు కూర్చోబెట్టి ఒకే వరుసను కలిపి వాయింపజేసేవాడు. ఆ మోతను ఎకో గదిలోకి పంపి, అక్కడ మారుమోగిన శబ్దాన్ని తిరిగి టేపు మీదికి తెచ్చేవాళ్ళు. ఏ వాద్యం ఏదో విడదీయలేనంతగా అన్నీ కలిసిపోవాలన్నదే అతని కోరిక. 1963లో రోనెట్స్ పాడిన ‘బీ మై బేబీ’ని రెండు స్పీకర్లకు విడగొడితే ఆ కోరికకే గండి పడుతుంది. 1991లో అతని పాటలు సీడీల పెట్టెగా వచ్చినప్పుడు దానికి ‘బ్యాక్ టు మోనో’ అని పేరు పెట్టారు.

బీచ్ బాయ్స్ నాయకుడు బ్రయన్ విల్సన్‌ది వేరే కారణం. చిన్నప్పటి నుంచీ అతని కుడి చెవి దాదాపు వినపడేది కాదు. 1966లో వచ్చిన ‘పెట్ సౌండ్స్’ను అతను మోనోలోనే ఊహించాడు, మోనోలోనే ముగించాడు. రికార్డు కంపెనీ మాత్రం స్టీరియో కొనేవాళ్ళ కోసం ఆ మోనోనే ఒక పక్క బొంగురుగా, ఒక పక్క సన్నగా వడకట్టి, దొంగ స్టీరియో రికార్డు కూడా అమ్మింది.

అసలైన స్టీరియో 1997లో గాని రాలేదు. అది తయారైన తీరు తెలుసుకోదగ్గది. విల్సన్ ముందు వాద్యాలను ఒక టేపు మీద నింపి, వాటన్నిటినీ కలిపి మరో టేపులో ఒకే ట్రాకుకు దించేవాడు. మిగిలిన ట్రాకుల మీద గొంతులు పేర్చేవాడు. అలా కలిపాక ఆ రెండో టేపులో వాద్యాలు విడిగా దొరకవు. ఇంజనీరు మార్క్ లినెట్ మొదటి వాద్యాల టేపునూ తర్వాతి గొంతుల టేపునూ పక్కపక్కన నడిపి, ఒకదానితో ఒకటి కాలం తప్పకుండా జత కలిపాడు. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ తీగలు, గంటలు, వేణువులు విడివిడిగా వినిపించాయి. అయినా టేపు దొరకని చోట ఏమీ చేయలేకపోయారు. ‘వుడింట్ ఇట్ బీ నైస్’ నడుమ భాగం మోనోలో బృందంలోని మైక్ లవ్ పాడింది. ఈ స్టీరియోలో అక్కడ విల్సన్ గొంతు వస్తుంది. తర్వాతి స్టీరియోలో మళ్ళీ లవ్ గొంతును చేర్చారు. ఆ కొద్ది క్షణాలను అభిమానులు పట్టుకున్న తీరు చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

సీడీ 1982లో వచ్చింది. తొలి ఏళ్ళలో కంపెనీలు తొందరపడ్డాయి. బీరువాలో చేతికందిన టేపును తీసి ఎక్కించేశాయి. చాలాసార్లు అది అసలు మాస్టర్ కాదు, ఎల్పీ కొయ్యడానికి చేసుకున్న నకలు. గాడిలో ముల్లు ఎగిరిపడకుండా అందులో మంద్ర శబ్దాలు తగ్గించి ఉంటారు. సీడీకి గాడీ ముల్లూ లేకపోయినా ఆ కోత మాత్రం మిగిలిపోయింది. పాత సీడీలు పలచగా వినిపించడానికి ఒక కారణం ఇదే. తర్వాత టేపు ‘హిస్స్’ మీద యుద్ధం మొదలైంది. హిస్స్‌ను అతిగా తుడిస్తే తాళం చివరి మోగుడూ, గదిలోని గాలీ దానితోపాటే పోతాయి. 1990లలో ప్రతి సీడీ పక్క సీడీ కంటే గట్టిగా మోగాలన్న పోటీ వచ్చి, మెల్లని చోట్లూ బిగ్గర చోట్లూ ఒకే మట్టానికి వచ్చాయి. 2009 బీటిల్స్ మోనో సీడీల్లో అలా ఒత్తలేదు. వాటికి అంత పేరు రావడంలో దీని పాత్ర కూడా ఉంది.

నాకు బాగా ఇష్టమైన కథ జోంబీస్ బృందానిది. 1967లో పరిమితమైన డబ్బుతో, ఎక్కువగా ఇఎంఐ వారి అబీ రోడ్ స్టూడియోలో, ‘ఒడెసీ అండ్ ఒరకిల్’ రికార్డు చేశారు. మోనో మిక్సు అయ్యేసరికి రికార్డు కంపెనీ ఇచ్చిన సొమ్ము అయిపోయింది. స్టీరియో కూడా కావాలని కంపెనీ అడిగితే, పాటలు రాసిన రాడ్ ఆర్జెంట్, క్రిస్ వైట్ సొంత డబ్బు పెట్టుకున్నారు. అక్కడొక చిక్కు వచ్చింది. ‘దిస్ విల్ బీ అవర్ ఇయర్’ పాటకు బాకాలను మోనో మిక్సు చేస్తూనే నేరుగా అందులో కలిపేశారు. ట్రాకుల టేపు మీద ఆ బాకాలు లేవు. అందుకే స్టీరియో ఎల్పీలో ఆ ఒక్క పాటకు మోనోనే రెండుగా మార్చి పెట్టాల్సి వచ్చింది. ఆల్బం 1968 ఏప్రిల్‌లో బయటికొచ్చేనాటికి బృందమే విడిపోయింది. మరుసటి ఏడు ‘టైమ్ ఆఫ్ ది సీజన్’ అమెరికాలో మూడో స్థానానికి ఎక్కింది. వాయించడానికి బృందం లేదు.

లండన్‌లోని ఏస్ రికార్డ్స్ సంస్థ తన బిగ్ బీట్ లేబుల్ మీద 1997లో జోంబీస్ పాటలను ‘జోంబీ హెవెన్’ పేరుతో నాలుగు సీడీలుగా తెచ్చింది. రీఇష్యూ అంటే ఎలా ఉండాలో అలా ఉంటుంది. అమెరికాలో రైనో, జర్మనీలో బేర్ ఫ్యామిలీ కూడా ఈ దారిలోనే నడిచాయి. బీరువాలు వెతకడం, టేపు డబ్బా మీది రాతలు చదవడం, వాయించినవాళ్ళను కలిసి మాట్లాడటం, అదంతా చిన్న పుస్తకంగా సీడీతోపాటు ఇవ్వడం వీళ్ళ పద్ధతి. 1972లో లెనీ కే 27 పాటలతో కూర్చిన ‘నగ్గెట్స్’ రెండు ఎల్పీలను రైనో 1998లో 118 పాటల పెట్టెగా పెంచింది. ఒక్క పాట పాడి కనుమరుగైన ఊరి బృందాలెన్నో దాంతో బతికాయి.

కొన్నిటిని మాత్రం ఎవరూ బతికించలేరు. ‘షీ లవ్స్ యూ’ రెండు ట్రాకుల టేపు లేదు, మోనో ఒక్కటే మిగిలింది. రింగో స్టార్ డ్రమ్స్ వాయించిన ‘లవ్ మీ డూ’ సింగిల్‌కు మాస్టర్ కూడా లేదు. సీడీలో ఉన్నది రికార్డు నుంచి ఎక్కించింది. సంగ్రహకులు ఆ పాత సింగిల్స్‌ను పదిలంగా దాచుకోబట్టే అది సాధ్యమైంది. 2008లో లాస్ ఏంజిలిస్‌లోని యూనివర్సల్ స్టూడియోస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో మాస్టర్ టేపులు కాలిపోయాయన్న సంగతి 2019లో గాని లోకానికి పూర్తిగా తెలియలేదు.

2022లో ‘రివాల్వర్’ ఆల్బానికి కలిసిపోయిన శబ్దాలను కంప్యూటర్ సాయంతో విడదీసి కొత్త స్టీరియో చేశారు. విన్నాను, బాగుంది. అంతకంటే సంతోషం కలిగించింది, అదే పెట్టెలో 1966 నాటి మోనో కూడా ఉండటం. కొత్త పాఠం ఇచ్చేవాళ్ళు పాతదాన్ని పక్కనే ఉంచితే శ్రోత తానే పోల్చుకుంటాడు.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. బీటిల్స్‌ను రికార్డు చేసిన ఇఎంఐకి అనుబంధ సంస్థ అయిన గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియాకు కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఫ్యాక్టరీ ఉండేది. ఇంగ్లండ్‌లో 78 రికార్డులకు కాలం చెల్లాక కూడా ఇక్కడ కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లు ఇంకా మోగుతుండటంతో బీటిల్స్ పాటలు 78ల మీద వచ్చాయి. ఇప్పుడు ప్రపంచమంతా సంగ్రహకులు వెతుక్కునే రికార్డులవి. ఘంటసాల, సుశీల పాటలు కూడా డమ్‌డమ్‌లోనే రికార్డులుగా అచ్చయ్యాయి. అరవైలలో మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యబృందమూ కలిసి పాడిన మన సినిమా పాటలకు మోనోనే అసలు రూపం. వాటికి తర్వాత తగిలించిన స్టీరియో హంగూ, కొత్త డప్పులూ అసలులో లేనివి. పైగా 78 రికార్డు ఒక పక్కకు మూడు నిమిషాల చిల్లరే పట్టేది కనుక, సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేని పాటలున్నాయి. మన సీడీల అట్టల మీద సినిమా పేరు, గాయకుల పేర్లు ఉంటాయి. పాట రికార్డు నుంచి తీసిందా, టేపు నుంచా, సినిమా ప్రింటు నుంచా అన్నది చాలావాటి మీద కనపడదు. అది అచ్చు వేయించమని కొనేవాళ్ళు అడగాలి.

ఇళ్ళల్లో పాత రికార్డులున్నవాళ్ళు చేయగలిగింది కూడా ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కించేముందు లేబుల్‌ను ఫొటో తీసుకోవాలి, లేబుల్ చుట్టూ నున్నటి చోట చెక్కి ఉన్న మ్యాట్రిక్స్ నంబరు రాసుకోవాలి. 78కి దాని వెడల్పాటి ముల్లే వాడాలి, ఎల్పీ ముల్లు పనికిరాదు. చిటపటలతో సహా ఉన్నదున్నట్టు ఒక ప్రతిని ముందు దాచి, శుభ్రం చేసే పనిని దాని నకలు మీద చేయాలి. తర్వాత సినిమాలోని పాటను పక్కన పెట్టి విని, ఎక్కడ శ్రుతి జరిగిందో, ఏ చరణం తగ్గిందో ఆ ఫొటో వెనకే రాసి ఉంచాలి.