రవ్వముద్ద లెక్క

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే పంజగుట్ట. ఆ కాస్త దూరంలోనే నా కొత్త ఇయర్‌ఫోన్స్‌లో మృదంగం సగం మాయమైంది. వింటున్నది కె.వి. మహదేవన్ బాణీ కట్టిన ‘శంకరాభరణం’ (1980) పాట. కుడి మూత మీద వేళ్లు స్పష్టంగా పలుకుతున్నాయి, ఎడమవైపు తొప్పి మాత్రం గుమ్మనడం లేదు. ముందురోజు రాత్రి ఇంట్లో ఇదే పాట, ఇవే ఇయర్‌ఫోన్స్. అప్పుడు ఆ తొప్పి మోత గుండెకు తగిలింది.

రెఫరెన్స్ ట్యూనింగ్ కావాలని నేనే అడిగి కొన్నాను. రికార్డులో ఉన్నది ఉన్నట్టు, పెంచకుండా తుంచకుండా వినిపించాలన్నది దాని పట్టుదల. మిక్సింగ్ చేసేవాళ్లకి అది ప్రాణం. వాళ్ల చెవిలోనే బేస్ ఎక్కువగా మోగితే పాటలో తగ్గించేస్తారు, ఆ పాట మన దగ్గరికి పీలగా వస్తుంది.

కానీ చెవి దగ్గర ‘ఉన్నది ఉన్నట్టు’ అంత తేలిక కాదు. చెవి రంధ్రం దాదాపు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం. 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాన్ని అది తనంతట తానే పెంచుతుంది. ఇయర్‌ఫోన్‌తో ఆ గొట్టం మూసేస్తే ఆ పెంపు చెదిరిపోతుంది, కాబట్టి తయారుచేసేవాళ్లు అక్కడ మళ్లీ ఎత్తు పెట్టాలి. లేకపోతే గాయకుడు గోడ అవతల పాడుతున్నట్టుంటుంది. ఎంత ఎత్తు, బేస్ ఎంత? ఏ స్థాయి శబ్దం ఎంత మోగాలో చూపే ‘హార్మన్ గీత’ను ఇవాళ చాలామంది కొలబద్దగా చూపిస్తారు. అది ఎలా పుట్టిందో తెలిశాక నా ఆలోచన మారింది. 2010ల్లో హార్మన్ కంపెనీ పరిశోధకుడు షాన్ ఆలివ్, ఆయన సహచరులు శ్రోతలకు రకరకాల ట్యూనింగ్‌లు వినిపించి, ఏది బాగుందో అడిగి తేల్చిన గీత అది. కొలబద్దలోనే జనం ఇష్టం కలిసి ఉందన్నమాట!

రైలు హోరు ఎక్కువగా కింది స్థాయి శబ్దమే. తొప్పి నాదం ఉండేదీ అక్కడే, అందుకే అందులో మునిగిపోయింది. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్ పిల్లలు బేస్ ఎక్కువున్న ఇయర్‌ఫోన్స్ అడుగుతుంటే, వీళ్లకు సంగీతం పట్టదని ఒకప్పుడు అనుకున్నాను. అన్యాయంగా అనుకున్నాను. బస్సు హోరులో వినేవాడికి ఆ బేస్ అవసరమే.

కొలతకు కట్టుబడేది ఒకటి, చెవికి వదిలేది ఒకటి అని మృదంగం వాయించేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. కుడి మూత శ్రుతికి చచ్చినట్టు కలవాలి, అక్కడ రాజీ లేదు. ఎడమ మూతకు మాత్రం కచేరీకి ముందు తడిపిన రవ్వముద్ద అద్ది, తట్టి విని, కాస్త గీకి, మళ్లీ అద్దుతారు. ఎంత రవ్వ అన్నది చెవికే తెలుసు.

ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను. గొంతు పలికే చోట గీతను ముట్టుకోను. అమీర్‌పేటలో రైలెక్కగానే ఈక్వలైజర్‌లో 100 హెర్ట్జ్ కింద 4 డెసిబెల్స్ పెంచుతాను. ఇంటికి వచ్చి, ఫ్యాన్ ఆపి కూర్చున్నాక తీసేస్తాను.