మెచ్చుకోలుకూ రంగుంటుంది

మెచ్చుకోవడం కూడా ఒక చూపే. ఆ చూపు ఎక్కడ నిలబడి చూస్తోందో అడగకుండా తీసుకోవడం మనకు అలవాటు చేశారు. తిట్టును పట్టుకుని విమర్శ రాయడం సులువు, పొగడ్తను పట్టుకోవడమే కష్టం. ఆటగాళ్ల వీడియోల కింద వచ్చిపడే ఎమోజీలు అలాంటి పొగడ్తలే. చిన్న బొమ్మలే గదా అని వదిలేయడానికి లేదు.

మాది కడప జిల్లా వేంపల్లె. మా మేనమామ తప్పెట కొడతాడు. జాతరలో ఆయన అడుగేస్తూ వాయిస్తుంటే ఎవరో వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టినారు. దాని కింద వరసగా నిప్పు బొమ్మలు, కండ్లలో నీళ్లొచ్చేటట్టు నవ్వే మొహాలు, రెండు చోట్ల కోతి. ఆయన పేరు అడిగినోళ్లు ఒక్కరూ లేరు. ఫోన్ చూపిస్తే మామ అన్నాడు: "ఈ నిప్పెందుకురా, తప్పెట కాంచేదానికా? నగేదెందుకు, నేనేమన్నా కింద పడితినా?" కోతి గురించి ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే నాచేత ఈ వ్యాసం రాయిస్తోంది.

నల్లవాళ్ల ఆట అంటే మనం అమెరికా వైపు చూస్తాం. హైదరాబాద్ ఏ.సి. గార్డ్స్‌కు ఆ పేరు నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచే వచ్చింది. 1948 పోలీసు చర్య తర్వాత ఆ దళం పోయింది, కొలువులు పోయాయి, మర్ఫా మిగిలింది. యెమెన్ అరబ్బుల సంతతితో పాటు సిద్దీలు నిలబెట్టిన ఆ వాద్యమూ ఆ ఆటా పాతబస్తీ పెళ్లి ఊరేగింపులకు ప్రాణం. పెళ్లికి వాళ్ల చేతులు కావాలి, తర్వాత వాళ్లెవరో అక్కర్లేదు. తప్పెట సంగతి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పాలా? వాళ్ల వీడియోల కింద కూడా నేను అదే కోతిని చూశాను.

నేనూ తప్పు చేశాను. ఒక సిద్దీ మిత్రుడి ఆట చూసి, అభిమానంతోనే, అన్నిటికన్నా ముదురు రంగు ఎంచుకుని, ఎర్రగౌను నాట్యకత్తె బొమ్మలు ఐదు పంపినాను. "ఇందులో నేనెవర్ని?" అని అడిగినాడు. ఆడినవాడు మగవాడు, చేతిలో కర్ర ఉంది. నాకు కనబడింది రంగొక్కటే.

ఆ రంగుల పెట్టె సంగతీ చూడాలి. యూనికోడ్ 2015లో మనుషుల బొమ్మలకు ఐదు చర్మపు రంగులు చేర్చింది. దానికి ఆధారం చర్మవైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ 1975లో మొదలుపెట్టిన కొలబద్ద. చర్మం ఎండకు ఎంత కమిలిపోతుందో, ఎంత నల్లబడుతుందో చెప్పడానికి చేసింది. అందులోని ఆరు తరగతుల్లో తెల్లటి రెండింటినీ కలిపేస్తే ఐదయ్యాయి. రంగు ఎంచుకోకపోతే వచ్చేది పసుపు. పసుపు ఎవరి రంగూ కాదు, అందరిదీ అంటారు. ఈ మాట మనం ఎక్కడ విన్నాం? "మాకు కులం లేదు, మేం మనుషులం" అనేవాళ్ల దగ్గర విన్నాం. నల్లవాడు మాత్రం వేలితో నొక్కిపట్టి తన రంగును వెతుక్కోవాలి. వెతుక్కున్నాక, రంగు గొడవ తెచ్చాడని అనిపించుకోవాలి.

అలాగని అడిగి సాధించుకున్న ఆ రంగును ఎవరైనా తొడుక్కోవచ్చా? పందొమ్మిదో శతాబ్దపు అమెరికా వేదికల మీద తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లలా ఎగిరి నవ్వించేవాళ్లు. నల్లవాళ్ల బొమ్మలతో తమ కేరింతను చూపించుకోవడాన్ని 2017లో లారెన్ మిషెల్ జాక్సన్ ఆ మసితోనే పోల్చి చూసింది. మనకు ఇదీ కొత్త కాదు. 'పుష్ప' (2021) శేషాచలం కథకు నాయికానాయకుల ఒళ్లు నల్లబరిచారు. ఆ రంగుతో పుట్టినవాళ్లకు ఆ పాత్రలెందుకు రావని అడగాలి గదా!

చెప్పుల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఆర్థర్ మిచెల్ 1969లో నెలకొల్పిన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్‌లో నర్తకులు బాలే చెప్పులకు తమ ఒంటి రంగు వేసుకున్నారు. ఎందుకంటే అంగట్లో దొరికేది తెల్లవాళ్ల ఒంటికి కలిసే గులాబీ రంగే. లండన్‌లో ఫ్రీడ్ కంపెనీ, బాలే బ్లాక్ బృందంతో కలిసి, గోధుమ రంగు చెప్పులు చేసింది 2018లో. మరుసటేడు ఎమోజీల్లోకి బాలే చెప్పులొచ్చాయి. మన ఫోన్లలో అవి గులాబీవే. చెప్పులు కుట్టి, చెప్పులు విడిచి నడిచిన కులాల వాళ్లకు ఇది చిన్న విషయమెట్లా అవుతుంది?

మరి మెచ్చుకోవద్దా? మెచ్చుకోవాలి. ముందు పేరు రాయాలి. ఆట పేరు, వాద్యం పేరు రాయాలి: మర్ఫా, తప్పెట. చప్పట్ల బొమ్మ పెడితే మన చేతి రంగుతో పెట్టాలి, చప్పట్లు కొట్టేది మనం గనక. వాళ్ల చర్మం తొడుక్కుంటే అది చప్పట్లు కాదు, వేషం. కోతి, నవ్వు, 'మాస్' అనే కేక, ఇవి ఆటను ఒంటి ఊపుగా కుదించి, దాని వెనక సాధనను దాచేస్తాయి. దండం బొమ్మ పెట్టేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి: మా తాత చేతులు జీవితమంతా దండం పెట్టే ఉన్నాయి. ఫోన్‌లో ఆయన కొడుక్కి దండం పెట్టే చేతులు, ఊర్లో కనీసం ఆయన పేరు చివర 'అన్నా' అని కలుపుతాయా?

బొమ్మ మారితే కులం పోదు, జాతి వివక్షా పోదు. కానీ ఎవరి ఆటను ఎవరు ఏ గుర్తుతో లెక్కగడుతున్నారన్నది మన సౌందర్యశాస్త్రం వదిలేయగూడని ప్రశ్న. ఆ వీడియో కింద నేను ఆలస్యంగా మామ పేరు రాసినాను. బొమ్మ ఏదీ పెట్టలేదు. ఆయన చూసి, "ఇంటిపేరు గూడా రాయి" అన్నాడు.