అన్వయం లేని పదాలు: ఎన్నికల ఆర్థిక వెల్లడి పత్రాలు – వాక్యార్థ దృష్టితో పరిశీలన

వ్యాససంగ్రహం:

ఎన్నికల్లో పోటీచేసేవారు తమ ఆస్తులను, పార్టీలు తమ విరాళాలను వెల్లడించాలని చట్టం కోరుతోంది. ఈ వెల్లడి వల్ల ఓటరుకు నిజంగా ఏమి తెలుస్తోంది అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. వాక్యార్థ చర్చలో ప్రసిద్ధమైన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు నియమాలతో ఈ పత్రాలను పరిశీలించి, వాటిలో వివరాల కన్నా వివరాల మధ్య అన్వయమే ఎక్కువగా లోపించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అఫిడవిట్, ఫారం 26, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, ఎన్నికల బాండ్లు, ఓటరు హక్కు.

1. ఉపోద్ఘాతం:

అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు, విద్యార్హతలు తెలుసుకోవడం ఓటరు హక్కు అని 2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం హామీ ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో ఆ హక్కును భాగంగా గుర్తించింది. ఆ తీర్పు పరిధిని కుదించడానికి పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చిన 33బి సెక్షన్‌ను 2003 మార్చి 13న కొట్టివేసింది. నామినేషన్‌తో పాటు ఫారం 26లో ప్రమాణపూర్వకంగా సమర్పించే అఫిడవిట్‌కు ఈ తీర్పులే పునాది.

ఈ తీర్పులు ఓటరును ఒక పాఠకుడిగా నిలబెట్టాయి. కనుక ఆ పాఠకుడి చేతికి అందుతున్న పాఠం ఎలాంటిదో పరిశీలించడం సాహిత్య విమర్శకూ సంబంధించిన పనే. ఆకాంక్ష, యోగ్యత, ఆసత్తి ఉన్న పదసముదాయమే వాక్యమని విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో నిర్వచించాడు. ఆసత్తికే సన్నిధి అని మరో పేరు. ఒక పదం మరో పదాన్ని కోరడం ఆకాంక్ష. పదార్థాలు ఒకదానికొకటి పొసగడం యోగ్యత. పదాలు ఎడం లేకుండా వినబడడం సన్నిధి.

2. ఆకాంక్ష – ఆస్తికీ మూలానికీ మధ్య:

'ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు' అన్నంత మాత్రాన వాక్యం కాదని శాస్త్రకారులు చెప్పే ఉదాహరణ ప్రసిద్ధం. అఫిడవిట్‌లోని ఆస్తుల పట్టిక ఇటువంటిదే. స్థిరాస్తి విషయంలో కొన్న తేదీ, నాటి ధర, నేటి మార్కెట్ విలువ, అది స్వార్జితమా వారసత్వమా అన్నవి ఫారం అడుగుతుంది. తర్వాతి సవరణతో ఆదాయ మార్గాల గడి కూడా చేరింది. అయితే 'వ్యవసాయం', 'వ్యాపారం' అన్న ఒక్క మాటతో ఆ గడి నిండిపోతుంది. ఫలానా ఆస్తిని ఫలానా ఆదాయంతో కొన్నామని చెప్పవలసిన అవసరం రాదు. ఆస్తి అనే పదం మూలాన్ని కోరుతుంది. ఫారం ఆ రెండింటినీ వేర్వేరు గడుల్లో ఉంచి వదిలేస్తుంది.

'ఆశ్రితులు' అన్న మాటకు ఫారం ఇచ్చే నిర్వచనం కూడా గమనించదగినది. వేరే ఆదాయం లేక, జీవనానికి అభ్యర్థిపై ఆధారపడిన బంధువులే ఆశ్రితులు. సొంత సంపాదన ఉన్న కొడుకు, అల్లుడు, బావమరిది ఇందులోకి రారు. సొత్తు ఒకరిది, పేరు మరొకరిది అయ్యే స్థితిని చెప్పడానికి పారశీకం నుంచి వచ్చిన 'బినామీ' అన్న మాట తెలుగు వ్యవహారంలో ఎప్పుడో స్థిరపడింది. భాషకు అంత బాగా తెలిసిన ఈ సంబంధానికి ఫారంలో చోటు లేదు. అటువంటి గడి పెట్టినా దానిని స్వయంగా నింపేవారుండరన్నది నిజమే. అందుకే డబ్బు మూలాన్ని అడగడం మరింత అవసరం అవుతుంది.

3. యోగ్యత – నింపడానికీ నిజానికీ మధ్య:

'నిప్పుతో తడుపుతున్నాడు' అన్నప్పుడు ఆకాంక్ష ఉంది, యోగ్యత లేదు. అఫిడవిట్‌లో గడులను ఖాళీగా వదిలితే, గుర్తుచేసినా నింపకపోతే, నామినేషన్‌ను తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ నింపినది నిజమా కాదా అన్నది విచారించే బాధ్యత రిటర్నింగ్ అధికారికి లేదు. అసత్యం చెబితే 125ఎ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఆ అసత్యం కోర్టులో రుజువయ్యేనాటికి ఓటు ఎప్పుడో పడిపోయి ఉంటుంది.

2019 నుంచి ఐదేళ్ల ఆదాయ వివరాలు ఫారంలో భాగమయ్యాయి. ఇది మేలైన మార్పు. కానీ అదే వ్యక్తి గత ఎన్నికల్లో ప్రకటించిన ఆస్తులు పక్కన ఉండవు కనుక, పెరిగిన ఆస్తి ప్రకటించిన ఆదాయానికి పొసగుతుందో లేదో ఓటరు స్వయంగా వెతికి తేల్చుకోవాలి. పత్రికల్లో వచ్చే 'అత్యంత ధనిక అభ్యర్థులు' వంటి వార్తలు ఆస్తి పరిమాణాన్ని చెబుతాయి, పొసగికను చెప్పవు.

4. సన్నిధి – ఓటుకూ వెల్లడికీ మధ్య:

ఒక పదం ఉదయం పలికి, రెండో పదం సాయంత్రం పలికితే వాక్యార్థం కలగదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న శాసనసభకు, లోక్‌సభకు ఒకేరోజు పోలింగ్ జరిగింది. అభ్యర్థుల ఆస్తుల వివరాలు అంతకు ముందే అందుబాటులో ఉన్నాయి. శాసనసభ అభ్యర్థికి రూ. 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి రూ. 95 లక్షలు అన్న వ్యయ పరిమితిని పాటించారో లేదో చెప్పే లెక్కలు మాత్రం ఫలితాల తర్వాత 30 రోజులలోపు ఇస్తే చాలు. పార్టీల ఎన్నికల వ్యయ నివేదికకు లోక్‌సభ ఎన్నికల్లో 90 రోజుల గడువు ఉంది. పైగా పార్టీ చేసే ఖర్చుకు చట్టంలో పరిమితే లేదు. రూ. 20 వేలకు మించిన విరాళాల నివేదిక ఏడాదికి ఒకసారి వస్తుంది. అంటే వాక్యంలో సగభాగం ఓటుకు ముందు, మిగిలిన సగం ఓటు తర్వాత వినబడుతుంది.

5. అన్వయం కుదిరిన సందర్భం:

ఎన్నికల బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. మార్చి 14న ఎన్నికల సంఘం రెండు జాబితాలు ప్రచురించింది. ఒకదానిలో బాండ్లు కొన్నవారు, మరోదానిలో వాటిని నగదుగా మార్చుకున్న పార్టీలు ఉన్నాయి. రెండూ నిజమే, రెండూ వివరమైనవే. అయినా ఎవరి డబ్బు ఎవరికి చేరిందో వాటినుంచి తెలియలేదు. ప్రతి బాండుపై ఉండే ప్రత్యేక సంఖ్యను కూడా ఇవ్వాలని కోర్టు భారతీయ స్టేట్ బ్యాంకును ఆదేశించాక, మార్చి 21న ఆ సంఖ్యలు వెలువడ్డాయి. అప్పుడు గాని రెండు జాబితాలు కలిసి ఒక వాక్యం కాలేదు. కొత్తగా చేరినది ఒక్క సంఖ్యే, కానీ అది అన్వయాన్ని కలిగించింది.

6. ముగింపు:

పదవికి పోటీచేసేవారికి కూడా వ్యక్తిగత గోప్యత ఉంటుందని, విలువ తక్కువైన ప్రతి చరాస్తినీ ప్రకటించనక్కరలేదని 2024 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు చెప్పింది. ఈ అభిప్రాయం సమంజసమే. గడుల సంఖ్యను పెంచుకుంటూ పోవడం పరిష్కారం కాదని కూడా ఇది సూచిస్తుంది. పై పరిశీలన మూడు మార్పులను కోరుతుంది. పదవిలో ఉన్న కాలంలో సంపాదించిన ఆస్తుల పక్కన వాటి మూలం ఉండాలి. గత అఫిడవిట్ అంకెలు కొత్తవాటి పక్కన కనిపించాలి. విరాళాల వివరాలు పోలింగ్‌కు ముందే బయటపడాలి. వీటిలో మొదటిది మాత్రమే కొత్త సమాచారాన్ని అడుగుతుంది. రెండోది ఇప్పటికే బహిరంగమైన వాటిని దగ్గర చేరుస్తుంది. మూడోది ఎలాగూ వెల్లడి కావలసిన వాటిని సకాలంలో రప్పిస్తుంది. ఇవి లేనంత కాలం 2002 తీర్పు గుర్తించిన పాఠకుడికి పదాలు అందుతూనే ఉంటాయి. ఐదేళ్లకు సరిపడే నిర్ణయాన్ని మాత్రం అర్థం తెలియకుండానే తీసుకోవలసి వస్తుంది.