చూచిన మాట వేఱు, తేల్చిన మాట వేఱు

ఒమాను ఆరోగ్య మంత్రిత్వశాఖ తన ఆసుపత్రుల కొఱకు స్వయముగా రూపొందించుకొన్న ‘అల్ షిఫా’ వంటి కంప్యూటరు వ్యవస్థల పుణ్యమా యని ఇచ్చట కాగితపు కేసుషీటుల కాలము చెల్లినను, మస్కటులో రోగుల రికార్డులతోనే ప్రొద్దుపుచ్చు నావంటివానికి ఒక పాత చిక్కు మాత్రము తీరలేదు. ఏ సంగతి ఏ జాతికి చెందినదను విచారణయే ఆ చిక్కు.

రోగుల కంప్యూటరు రికార్డులకు ప్రమాణములు కూర్చు ఓపెన్ ఈహెచ్ఆర్ వారు దీనికొక మార్గము చూపిరి. వైద్యులు ఒకసారి కూర్చి నిర్ణయించిన సమాచారపు అచ్చును వారు ఆర్కిటైప్ అందురు; ఏ ఆసుపత్రియైనను దానిని మరల మరల వాడుకొనవచ్చును. చికిత్సకు సంబంధించిన అచ్చులు వారి లెక్కలో నాలుగు తెగలు: చూచినది, తేల్చినది, ఆదేశించినది, ఆచరించినది. చేరిక, డిశ్చార్జి వంటి ఆఫీసు వ్యవహారములకు ఐదవ తెగ కలదు.

రక్తపోటు అచ్చునే చూడుడు. పై అంకె, క్రింది అంకె వ్రాసి ఊరకుండక, రోగి కూర్చుండెనా పరుండెనా, పట్టీ ఏ కొలతది, ఏ చేతికి చుట్టిరి అనువానికి వేర్వేరు గడులుంచిరి. ‘ఇతనికి బీపీ జబ్బు కలదు’ అను మాటకు మాత్రము అందు చోటు లేదు. అది డాక్టరు తీర్పు గనుక దాని అచ్చు వేఱు.

ఒమానులో జీ6పీడీ అను ఎంజైము లోపము విరివిగా కనబడును. రక్తపరీక్షలో ఆ ఎంజైము తక్కువగా నుండుట చూచినది. మలేరియా మందగు ప్రిమాక్విన్ ఇతనికి అపాయకరమనుట తేల్చినది. వేఱొక మందు వ్రాయుట ఆదేశము. నర్సు దానిని ఇచ్చుట ఆచరణము. ఈ నాలుగింటిని ‘రిమార్క్స్’ గడిలో గుదిగ్రుచ్చినచో, రేపు మఱియొకరు ప్రిమాక్విన్ వ్రాయునపుడు కంప్యూటరు నోరు మెదపదు.

న్యాయశాస్త్ర ప్రవేశికయగు తర్కసంగ్రహమును వ్రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. ప్రత్యక్షమును, అనుమానమును, శబ్దమును వేర్వేరు ప్రమాణములుగా నిలిపిన ఆ గ్రంథమును చదివినవారికి ఈ విభాగము వింతగా తోపదు. అయితే రోగి నోట విన్న కథను సయితము ఓపెన్ ఈహెచ్ఆర్ వారు చూచిన వాని పంక్తిలోనే కూర్చుండబెట్టి, చెప్పినవారెవరో ప్రక్కన వ్రాసికొందురు. సాక్షి పేరు చెరగనంతవఱకు అది న్యాయమే యని నా అభిప్రాయము.

కావున ఇచ్చట చికిత్స పొంది ఇంటికి మరలు మన తెలుగు సోదరులకొక విన్నపము: డిశ్చార్జి కాగితముపై జబ్బు పేరు చూచి తృప్తిపడక, పరీక్షల అంకెలను గూడ అడిగి తీసికొనుడు. జబ్బు పేరు ఇచ్చటి డాక్టరు అభిప్రాయము. అంకెలు చేతనున్నచో కరీంనగరు డాక్టరు తన అభిప్రాయమును తానే ఏర్పఱచుకొనగలడు.