ఎవరి పేరు, ఎవరి కాపురం?

ఝుంపా లాహిరి 'ది నేమ్‌సేక్' (2003) నవలను కొడుకు గోగోల్ పేరు కథగానే ఎక్కువగా చదువుతూ వచ్చాం. నాకది తల్లి అషిమా కథ. పెళ్ళయి, ఎం.ఐ.టి.లో చదివే భర్త వెంట కలకత్తా నుంచి అమెరికా వెళ్ళిన ఆమె, రైస్ క్రిస్పీస్‌లో ఉల్లిపాయ ముక్కలు కలిపి తన ఊరి చిరుతిండి రుచిని వెతుక్కోవడంతో నవల మొదలవుతుంది. పురుడు, వంట, బెంగాలీ కుటుంబాలకు విందులు - పరాయి దేశంలో కాపురం నిలబెట్టిన శ్రమంతా ఆమెదే. కొడుకు కోర్టుకెళ్ళి పేరు మార్చుకోవడం నవలలో పెద్ద ఘట్టం. భర్త పేరైనా పలకని అషిమా మాత్రం, అతను పోయాక ఇల్లమ్మి, ఏడాదిలో ఆరు నెలలు ఇండియాలో, ఆరు నెలలు అమెరికాలో ఉండాలని తేల్చుకోవడం చివరి అధ్యాయంలో క్లుప్తంగా ముగుస్తుంది. డిపెండెంట్ వీసా మీద వెళ్ళిన మన ఆడవాళ్ళ కథల్లోనైనా ఆ మథనానికి చోటుండాలి.