పాండవులు లేని మాయాబజార్

'ఆదిత్య 369'కి సీక్వెల్ వస్తే అందులో 'జాణవులే' పాట రీమిక్స్ ఉండి తీరాలట. ఈ వారం ఒక పాఠకుడు పంపిన ఉత్తరంలో కోరికల జాబితా ఉంది. అందులో మొదటిది ఇది. రెండోది, పాత టైమ్ మెషీన్ అదే ఆకారంలో కనిపించాలి. మూడోది, శ్రీకృష్ణదేవరాయల సభ మళ్లీ చూపించాలి. నాలుగోది, చివర్లో బాలకృష్ణ ఒక్క నిమిషమైనా వచ్చి ఈల వేయించాలి. జాబితా ఇంకా చాలా ఉంది. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆ పాఠకుడి ప్రేమను నేను శంకించడం లేదు. ఆ సినిమా అంటే నాకూ ప్రాణమే. కానీ రెండు పేజీల ఉత్తరంలో కొత్తగా చూడాలని కోరుకున్నది ఒక్కటీ లేదు.

సీక్వెల్ మాట ఈనాటిది కాదు. బాలకృష్ణ ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. 2024 డిసెంబరులో 'ఆదిత్య 999 మ్యాక్స్' అని పేరు కూడా చెప్పి, తన కుమారుడు మోక్షజ్ఞ అందులో నటిస్తాడని ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో పాత సినిమా కొత్త ప్రింటుతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. అప్పటి నుంచి సినిమా ప్రియులు నలుగురు ఎక్కడ కలిసినా ఇదే చర్చ. ఆశ ఎంత ఉందో భయమూ అంతే ఉంది. ఈ కాలమ్‌కు వచ్చే ఉత్తరాల్లో సగం 'ఎప్పుడు తీస్తారు' అని అడిగితే, మిగతా సగం 'దయచేసి తీయొద్దు' అని మొరపెట్టుకుంటున్నాయి.

మొన్నటిదాకా నేను రెండో పక్షమే. దానికి నా కారణాలు నాకున్నాయి.

ఆ సినిమా 1991 జులై 18న విడుదలైంది. హెచ్.జి. వెల్స్ 1895లో నవలగా రాసిన ఊహను దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు హైదరాబాద్ నడిబొడ్డున నాటారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో వజ్రం దొంగతనం జరుగుతుంది. ఒక బడిపిల్లాడు దాన్ని చూస్తాడు. ప్రొఫెసర్ రామదాసు దగ్గర టైమ్ మెషీన్ ఉంటుంది. హీరో హీరోయిన్లతో పాటు సుత్తివేలు వేసిన కానిస్టేబులు కూడా అందులో ఎక్కి 1526లో విజయనగరంలో దిగుతాడు. అక్కడి నుంచి 2504కి వెళ్తే అణుయుద్ధం అయిపోయి, మనుషులు నేల కింద బతుకుతుంటారు. వెనక్కి వెళ్తే గర్వపడేంత ఉంది, ముందుకు వెళ్తే గుండె ఆగిపోయేంత ఉంది. ఆ రెంటి మధ్య ఇవాళ్టి మనిషి నిలబడ్డాడు. మనల్ని పట్టుకున్నది అదే.

ఆ రెండు కాలాలనూ రెండు చేతులా పట్టుకుని తీసిన సినిమా అది. రాయల నాటి 'జాణవులే' పాటకు బాలు, శైలజలతో పాటు జిక్కి గొంతు తీసుకున్నారు. 'రోజులు మారాయి'లో ఏరువాక పాట పాడిన జిక్కి! వెనకటి కాలంలోకి వెళ్లామని చెవులకే తెలియాలని సంగీత దర్శకుడు ఇళయరాజా అనుకున్నారేమో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మాటలు రాసింది జంధ్యాల. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్, రాజనర్తకిగా సిల్క్ స్మిత, ప్రతినాయకుడిగా అమ్రీష్ పురి. ఇప్పుడు వీళ్లలో ఎవరున్నారు? జంధ్యాల 2001లోనే వెళ్లిపోయారు. బాలు 2020లో, చంద్రమోహన్ 2023లో పోయారు. జిక్కి, స్మిత, పురి, వేలు కూడా లేరు. ఇంతమంది లేని చోట దేన్ని కొనసాగిస్తారు?

విదేశాల అనుభవమూ భయపెట్టేదే. 'ఆదిత్య 369' వచ్చిన అదే 1991 జులైలో అమెరికాలో 'టెర్మినేటర్ 2' విడుదలైంది. 1984 నాటి మొదటి భాగంలో ప్రాణాలు తీయడానికి వచ్చిన యంత్రాన్ని, జేమ్స్ కామెరాన్ రెండో భాగంలో ప్రాణాలు కాపాడే యంత్రంగా మార్చారు. ఆ సాహసమే ఆ సినిమాను నిలబెట్టింది. ఆ తర్వాత 2003లో, 2009లో, 2015లో, 2019లో నాలుగు భాగాలు తీశారు. ఒకదానిలో 1984 నాటి సన్నివేశాలనే మళ్లీ కట్టి చూపించారు. చివరిదానిలో లిండా హామిల్టన్‌ను వెనక్కి తెచ్చారు. అభిమాని అడుగుతాడనుకున్నవన్నీ తెచ్చిపెట్టారు. రెండో భాగం మీద ఉన్న ప్రేమలో పావువంతు కూడా వాటికి దక్కలేదు. 2024లో వచ్చిన 'ఏలియన్: రోములస్'లో, 2020లో చనిపోయిన ఇయాన్ హోమ్ ముఖాన్ని కంప్యూటర్ సాయంతో తెర మీదికి తెచ్చారు. కుటుంబం ఒప్పుకున్నాకే ఆ పని చేశారు. అయినా చాలామంది అభిమానులకు అది మింగుడుపడలేదు. మన దగ్గర కూడా బాలు గొంతును యంత్రంతో పుట్టించి పాడించమని అడిగేవాళ్లు బయల్దేరారు. వద్దు. ఆయన పాడినవి మనకు చాలు.

ఇక్కడితో ఆగి 'తీయొద్దు' అని తీర్పు చెప్పేద్దామనుకున్నాను. కానీ సింగీతం పేరు తలచుకున్నాక 'మాయాబజార్' గుర్తుకు రాకుండా ఉండదు. దర్శకుడు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా ఆయన ఆ సినిమాకు పనిచేశారు. 'మాయాబజార్' పేరెత్తితే నేను తొందరగా వదలనని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ఈసారి కూడా వదలను, ఎందుకంటే నా తీర్పు తిరగబడింది అక్కడే.

నేను ఆ కథను మొదట చూసింది సినిమాలో కాదు, సురభి వారి నాటకంలో. మా ఊరి మైదానంలో రేకుల పాక వేశారు. ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు గాల్లో తేలుతూ వెళ్లి నోట్లో పడ్డాయి. ముందు వరసలో కూర్చున్న మాకు లడ్డూ కట్టిన తీగ కనిపించింది. అయినా అరిచాం, చప్పట్లు కొట్టాం. పక్కన కూర్చున్న మా అమ్మమ్మకు ప్రతి మాటా ముందే వచ్చు. ఏ పాత్ర ఎప్పుడు వస్తుందో మాకు చెబుతూనే ఉంది. తెలిసిన కథను మళ్లీ చూడటంలో ఆమెకు విసుగు లేదు. ఈసారి వీళ్లు ఎలా ఆడతారో చూడాలన్న ఆత్రం ఉంది.

1957 మార్చిలో వచ్చిన కె.వి. రెడ్డి 'మాయాబజార్'కు ముందు కూడా ఆ కథ ఎన్నోసార్లు చెప్పిందే. సురభి వారు రంగస్థలం మీద ఆడిందే. 1936లోనే 'శశిరేఖా పరిణయం'గా తెలుగు తెర మీదికి ఎక్కిందే. మాధవపెద్ది సత్యం పాడగా ఎస్.వి. రంగారావు అభినయించిన 'వివాహ భోజనంబు' పాట కూడా అంతకుముందు నాటకాల్లో ఉన్నదే. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే రీమిక్సే. ఎన్టీఆర్ కృష్ణుడి సంగతి మరీ చిత్రం. 1956లో 'సొంత ఊరు'లో ఆయన కాసేపు కృష్ణుడి వేషంలో కనిపిస్తే జనం ఒప్పుకోలేదు. ఆయనే వెనకాడుతుంటే కె.వి. రెడ్డి పట్టుబట్టి, రూపం మీద శ్రద్ధ పెట్టి, మళ్లీ కృష్ణుణ్ని చేశారు. ఆ తర్వాత తెలుగువాళ్లకు కృష్ణుడంటే ఆయనే అయ్యారు. ప్రేక్షకుల అభిప్రాయాన్నే చివరి మాటగా తీసుకుని ఉంటే ఆ కృష్ణుడు మనకు లేడు.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. భారత కథతో తీసిన ఆ సినిమాలో పాండవులు కనిపించరు. వాళ్ల గురించి మాట్లాడతారు, వాళ్ల కష్టం కథను నడిపిస్తుంది, కానీ అయిదుగురిలో ఒక్కరు కూడా తెర మీదికి రారు. 1957లో ఏ అభిమానినైనా కోరికల జాబితా రాయమంటే మొదట రాసేది భీముడి పేరో, అర్జునుడి పేరో కదా! కె.వి. రెడ్డి, రచయిత పింగళి ఆ పేర్లనే పక్కన పెట్టారు. వాళ్లకు కావలసింది ప్రేమలో పడ్డ ఒక అమ్మాయి, ఆమె వేషం కట్టిన ఒక రాక్షసుడు, నవ్వుతూ నడిపించే కృష్ణుడు. దానికి అక్కర్లేనిది ఎంత ప్రియమైనదైనా తీసేశారు. అక్కరకు వచ్చేది ఎంత పాతదైనా తీసుకున్నారు. ఆ బడిలో చదువుకున్నవాడు కాబట్టే సింగీతం 1987లో మాటల్లేకుండా 'పుష్పక విమానం' తీయగలిగారు, నాలుగేళ్ల తర్వాత మనల్ని టైమ్ మెషీన్ ఎక్కించగలిగారు.

అందుకే ఇప్పుడు చెబుతున్నాను, సీక్వెల్ తీయాల్సిందే. కథను ఒకసారి బాగా చెప్పారు కాబట్టి ఇక ఎవరూ ముట్టుకోకూడదన్న పద్ధతి మన దగ్గర ఎన్నడూ లేదు. బాగాలేకపోతే మనం పాతదే చూసుకుంటాం, దానికొచ్చే నష్టం ఏమీ లేదు. 'జాణవులే' రీమిక్స్ మీద కూడా నాకు పట్టుదల లేదు. కథలో ఆ పాటకు కొత్త పని ఉంటే నిశ్చింతగా వాడుకోండి. ఈల కోసమే అయితే మాత్రం వద్దు.

తీసేవాళ్లు తేల్చుకోవాల్సిన విషయాలు వేరే ఉన్నాయి. మొదటిది భయం. 1991లో మన భయం అణుబాంబు. ఇవాళ్టి పిల్లల భయాలు వేరు. ఎండలు, నీళ్లు, మనిషి ముఖాన్నీ గొంతునూ దొంగిలించే యంత్రాలు. ఈసారి భవిష్యత్తులో దిగినవాడికి ఇవి ఎదురుకావాలి.

రెండోది నా పాత వాదన. నటుడు తాకడానికి ఒక వస్తువు ఉండాలి. ఆకుపచ్చ తెర ముందు నిలబెట్టి ఆశ్చర్యపొమ్మంటే ఎవరి కళ్లూ నిజం చెప్పవు. 1991లో మెషీన్‌ను కట్టారు, ఎక్కారు, దిగారు. 2024లో 'కల్కి 2898 ఏడీ' కోసం బుజ్జి అనే కారును నిజంగా నడిచేలా తయారు చేయించారు. ఆ సినిమాకు సింగీతం మార్గదర్శిగా ఉండటం కాకతాళీయం అని నేను అనుకోను.

మూడోదే అసలైనది, మాట. ఇప్పుడు పెద్ద సినిమా అంటే అయిదు భాషల్లో ఒకేసారి విడుదల. ఆ తొందరలో మొదట బలయ్యేది తెలుగు. రాయల సభ మాట ఒక తీరు, రాజధాని కానిస్టేబులు మాట ఇంకో తీరు. ఆ రెండూ ఎదురుపడితేనే కాలం మారిందని ప్రేక్షకుడికి తెలుస్తుంది. గ్రాఫిక్స్ చేయలేని పని అది. జంధ్యాల చేసి చూపించారు. ఏ భాషకైనా సరిపోయేలా ఇప్పుడు మాటలు రాస్తే ఏ కాలంలో దిగినా ఒకే ఊళ్లో దిగినట్టు ఉంటుంది.

కాబట్టి నిర్మాతలకు నా విన్నపం ఒక్కటే. హీరో పేరు ఎప్పుడో చెప్పేశారు, సంతోషం. సంగీతం ఎవరు, బడ్జెట్ ఎంత అన్నవి తర్వాత చెప్పినా ఫర్వాలేదు. ముందు మాటల రచయిత ఎవరో తేల్చండి. విజయనగరం మాటా, హైదరాబాద్ మాటా రెండూ తెలిసినవాణ్ని వెతికి పట్టుకుని, అతనికి ఏడాది సమయమివ్వండి. అభిమానులారా, మీరు కూడా ఈసారి అడగాల్సిన పేరు అదే.