మూడంగుళాల చేపకి టన్ను నీళ్లు

2012 ఫిబ్రవరి. బయట మైనస్ 18. కెనడాలోని మిసిసాగాలో ఒక అక్వేరియం దుకాణం గుమ్మం నుంచి నా కారు దాకా మహా అయితే నలభై అడుగులు. ఆ కాస్త దూరానికే చేప ఉన్న ప్లాస్టిక్ సంచిని కోటు లోపల, చొక్కాకి ఆనించి పట్టుకుని నడిచాను. సంచిలో ఉన్నది మూడంగుళాల ప్యాంథర్ గ్రూపర్. పాలతెలుపు ఒంటి మీద కాటుకతో పెట్టినట్టు గుండ్రటి చుక్కలు. తల కిందికి వంచి, రెక్కలు తెడ్లలా ఆడిస్తూ ఈదుతుంది. దాన్ని చూసి కొనకుండా బయటికి రావడం కష్టం.

"ఎంత పెరుగుతుంది?" అని అడిగాను. "ట్యాంకుని బట్టే పెరుగుతుందండీ" అన్నాడు దుకాణంలో కుర్రాడు. నా ట్యాంకు 75 గ్యాలన్లది, అంటే సుమారు 284 లీటర్లు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. సరిపోతుందనుకున్నాను. ఆ చేప ముదిరితే 70 సెంటీమీటర్ల దాకా వెళ్తుందని, అంటే నా ట్యాంకు వెడల్పు కంటే చేపే పొడుగవుతుందని ఇంటికొచ్చి చదువుకున్నాక తెలిసింది. అడగాల్సిన ప్రశ్న సరిగ్గానే అడిగాను. జవాబు మాత్రం అమ్మేవాణ్ణి అడిగాను.

ఆ ఎండాకాలం కైకలూరు నుంచి మా బాబాయ్ వచ్చాడు. కొల్లేటి పక్కన ముప్ఫై ఏళ్లుగా చేపల చెరువులు చేస్తున్న మనిషి. ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అప్పటికి చేప ఆరంగుళాలు దాటింది.

"ఎన్నాళ్లకి కేజీకొస్తుందిరా?"

"ఇది అమ్మేది కాదు బాబాయ్."

"మరి మేత ఎందుకేస్తున్నావు?"

నవ్వేశానుగానీ, ఆ ప్రశ్న ఇప్పటికీ వదల్లేదు నన్ను. చెరువులో చేప పెరిగితే లాభం. మేత వేసి, ఏరియేటర్లు తిప్పి, రేయింబవళ్లు గట్ల మీద తిరిగేది ఆ పెరుగుదల కోసమే. గాజుపెట్టెలో అదే పెరుగుదల అప్పు. చేప లావెక్కిన కొద్దీ వడ్డీ మన మీద పడుతుంది. వేగంగా పెరిగే సముద్రపు చేపని ఇంట్లో సాకడమంటే, కనబడే చేపకి కాకుండా మూడేళ్ల తర్వాత ఉండబోయే చేపకి ఇల్లు కట్టడం.

దుకాణం కుర్రాడు చెప్పిన మాట అసలు ఎక్కడ పుట్టిందో బాబాయ్ దగ్గరే అర్థమైంది. మన చెరువుల్లో బొచ్చె, శీలావతి పిల్లల్ని ఒకేచోట కిక్కిరిసేలా వేసి, అరకొర మేతతో దాదాపు ఏడాది పాటు ఎదగనివ్వకుండా ఉంచుతారు. ఇయర్లింగులంటారు వాటిని. తర్వాత పెద్ద చెరువులో వదిలితే ఆకలి తీరా తిని, పోయిన కాలమంతా తిరిగి రాబట్టుకున్నట్టు ఒక్కసారిగా పెరుగుతాయి. కాబట్టి ఇరుకు చోట చేప గిడసబారడం నిజమే. అయితే రైతుకి అది ఒక ఏడాది ఎత్తు, ఆ తర్వాత పెద్ద చెరువు ఉంది. అక్వేరియంలో ఆ పెద్ద చెరువు ఎప్పటికీ రాదు. పైగా గ్రూపర్ గిడసబారడానికి కూడా అంత తేలిగ్గా ఒప్పుకోదు. మురికి నీళ్లలోనే, ఒళ్లు తిప్పుకోలేక గాజుకి మూతి రాసుకుంటూ పెరుగుతూనే ఉంటుంది.

లెక్క ఒకటి చెప్పాలి. చేప పొడవు రెట్టింపైతే బరువు రెండింతలు కాదు, దాదాపు ఎనిమిదింతలు. ఆకారం మారకుండా పొడవు, ఎత్తు, మందం మూడూ కలిసి పెరుగుతాయి గనక. మూడంగుళాల పిల్ల అడుగు పొడవైతే బరువు 64 రెట్లు. రెండడుగులైతే 512 రెట్లు. తినేదీ విసర్జించేదీ సరిగ్గా అన్ని రెట్లు కాకపోయినా, ఆ దారినే పోతాయి. మొదటి ఆరు నెలలూ నీటి పరీక్షలు చక్కగా వచ్చి, ఏడో నెలలో అన్నీ ఒక్కసారి తలకిందులైతే చాలామంది ఫిల్టరుని తిడతారు. ఫిల్టరు తప్పేం లేదు. ఘనం లెక్క మనం మర్చిపోయాం.

2013 వసంతానికి మా చేప పదకొండంగుళాలైంది. బ్రాంప్టన్‌లో ఉండే మిత్రుడొకాయన అప్పుడే 300 గ్యాలన్ల ట్యాంకు పెట్టిస్తున్నాడు. ఎనిమిదడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు. మా చేప చివరికి చేరింది అందులోకే. పెద్ద చేపలకి ఎత్తు కంటే వెడల్పు ముఖ్యం. దుకాణాల్లో నిలువుగా, గోడకి పటంలా ఉండే ట్యాంకులు అందంగా ఉంటాయి, వాటిలో గ్రూపర్ వెనక్కి తిరగాలంటే విల్లులా వంగాలి. ముప్ఫై అంగుళాల వెడల్పుంటే ముదిరిన ప్యాంథర్ గ్రూపర్ కూడా ఒళ్లు నొక్కుకోకుండా తిరుగుతుంది. నీటి ఉపరితలం విశాలంగా ఉండటం వల్ల గాలి కూడా బాగా కలుస్తుంది.

బరువు సమస్యని కెనడా ఇళ్లు కొంతవరకు తీరుస్తాయి. 300 గ్యాలన్లంటే 1,135 లీటర్లు. ఉప్పునీరు లీటరుకి కేజీ కంటే కాస్త ఎక్కువే గనక నీళ్లే 1,160 కేజీలు. గాజు, రాళ్లు, స్టాండు కలిపితే ఒకటిన్నర టన్ను. ఇక్కడి చెక్క ఇళ్ల పై అంతస్తులో అంత బరువు పెట్టాలంటే ఇంజనీరుని అడగాలి. బేస్‌మెంటులో కాంక్రీటు నేల ఉంటుంది, భయం లేదు. భయమంతా మెట్ల మీదే. ఆ గాజుపెట్టెని కిందికి దించడానికి బిర్యానీ ఆశ చూపి ఎనిమిది మందిని పిలిచాడు మిత్రుడు. మలుపు దగ్గర ముప్పావుగంట ఆగిపోయాం. చివరికి మెట్ల పక్క చెక్క కటకటాలు ఊడదీశాం.

నీళ్లు తయారుచేయడం ఒక వంట. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు నీటిలో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వగైరా ఉంటాయి, అందుకే అక్వేరియం కోసం తయారైన మిశ్రమం బకెట్లలో కొంటాం. లీటరుకి సుమారు 35 గ్రాములు. ఆ ట్యాంకు మొదటిసారి నింపడానికి నలభై కేజీల ఉప్పు. కలిపేది కుళాయి నీళ్లలో కాదు, ఆర్వో నీళ్లలో. ఇక్కడే చలి దెబ్బ తెలుస్తుంది. నీళ్లు చల్లబడితే ఆర్వో పొర గుండా దిగడం బాగా మందగిస్తుంది. ఆగస్టులో ఒక పూటలో నిండే పీపాకి జనవరిలో రెండు పూటలైనా పడుతుంది.

ఆవిరి కూడా చలికాలపు తలనొప్పే. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది. నౌపడ ఉప్పుమళ్లలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే అక్కడ ఉప్పు పండిందని సంతోషిస్తారు. మనం ఆ తరుగుని రోజూ మంచినీళ్లతోనే పూడ్చాలి, ఉప్పునీళ్లు పోస్తే గాఢత పెరిగిపోతుంది. ఎగిరిపోయిన ఆవిరి వెళ్లి చల్లటి కిటికీ అద్దాల మీద పేరుకుంటుంది, గడ్డకడుతుంది, మార్చి నాటికి చట్రాల చుట్టూ నల్లటి బూజు పుట్టిస్తుంది. చేపల పుస్తకాలు దీని గురించి పెద్దగా రాయవు, ఇంట్లోవాళ్లు మాత్రం చాలా మాట్లాడతారు.

నీళ్లు శుభ్రంగా ఉంచేది కంటికి కనబడని బ్యాక్టీరియా. చేప విసర్జించే అమ్మోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది కాస్త నయం. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకూ చేపని తేకూడదు. ఖాళీ నీళ్లని నెలన్నర చూస్తూ కూర్చోవడం ఈ విద్యలో అన్నిటికంటే కష్టమైన పాఠం. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా కాపురముండేది రాళ్ల మీదే. ఆ రాళ్లూ వాటి మీది జీవాలూ నీటిని చూసుకుంటాయని జకార్తాకి చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో రాశాడు. ఫిలిప్ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం అచ్చువేసింది 1854లో. అంటే గాజుపెట్టెలో సముద్రం పెట్టే సరదా పుట్టిన వందేళ్లకి గానీ రాళ్ల విలువ చాలామందికి తెలియలేదన్నమాట.

పెద్ద చేపలకి రాళ్లొక్కటే చాలవు, ప్రొటీన్ స్కిమ్మర్ కావాలి. సూర్యలంక తీరంలో గాలి గట్టిగా వీచిన రోజున ఇసుక మీద మురికి నురగ చేరుతుంది, చూసే ఉంటారు. స్కిమ్మర్ చేసేది అదే పని. సన్నటి బుడగలకి నీళ్లలోని జిడ్డూ మలినాలూ అంటుకుని, నురగై పైకెక్కి ఒక గిన్నెలో పడతాయి. ఉప్పునీళ్లలోనే ఇది బాగా పనిచేస్తుంది. ఆ గిన్నె కడిగే పని మాత్రం ఎవరికీ అప్పగించలేం. ఒకసారి వాసన చూసినవాళ్లు రెండోసారి బేస్‌మెంటులోకి దిగరు. ఈ సరంజామా అంతా ట్యాంకు కింద సంప్ అనే రెండో తొట్టిలో దాచుతారు. హీటర్లు కూడా అందులోనే. ట్యాంకులో పెడితే గ్రూపర్ తోకతో కొట్టి పగలగొడుతుంది. ఒక పెద్ద హీటర్ బదులు రెండు చిన్నవి వాడటం మేలు, ఒకటి ఆగకుండా వెలుగుతూ ఉండిపోయినా చేపలు ఉడికిపోవు.

మేత విషయంలో మనవాళ్ల చేతి ధారాళం అడ్డొస్తుంది. అతిథికి కొసరి వడ్డించినట్టు చేపకీ వడ్డిస్తాం. చిన్న గ్రూపర్‌కి రోజూ కొద్దికొద్దిగా రొయ్య, స్క్విడ్, సముద్రపు చేప ముక్క వేయాలి. పెద్దయ్యాక వారానికి రెండు మూడుసార్లు చాలు. బతికున్న గోల్డ్‌ఫిష్ వేస్తే వేట చూడముచ్చటగా ఉంటుంది గానీ, వాటిలో బీ1 విటమిన్‌ని నాశనం చేసే పదార్థం ఉంది, కొవ్వు కూడా సముద్రపు చేపకి పడేది కాదు. గ్రూపర్‌తో పాటు ఆ ట్యాంకులో ఉండే టాంగ్ అనే చేపలు ఎక్కువగా శాకాహారులు, వాటికి నోరి అనే సముద్రపు నాచు కావాలి. టీ అండ్ టీ సూపర్ మార్కెట్లో ఉప్పూ నూనే కలపని రకం దొరుకుతుంది. 'ఫైండింగ్ డోరీ' సినిమా వచ్చిన 2016లో పిల్లలున్న ప్రతి ఇంటికీ అందులోని నీలం టాంగే కావాలి. అదీ అడుగు పొడవు పెరిగే చేపే, రోజంతా ఈదులాడే చేప. దాన్ని ప్రయోగశాలలో మొదటిసారి పెంచింది కూడా ఆ ఏడాదే, ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో.

కొత్త చేపని నేరుగా పెద్ద ట్యాంకులో వదలకూడదు. ఒంటి మీద తెల్ల పొక్కులు లేపే ఇక్ అనే పరాన్నజీవి ఒక్క చేపతో వస్తే అన్నిటినీ పట్టుకుంటుంది. ఇసుకా రాళ్లూ లేని వేరే తొట్టిలో, దాక్కోవడానికి రెండు పీవీసీ గొట్టాలు పడేసి, రాగి మందుతో నెల రోజులుంచాలి. యాంటీబయాటిక్ అవసరమైతే కెనడాలో ఇప్పుడు పశువైద్యుడి చీటీ తప్పనిసరి. 2018 డిసెంబర్ 1 నుంచి ఆ మందులు దుకాణాల అలమరల్లోంచి మాయమయ్యాయి. మంచి నిబంధనే. చేపని చూసే డాక్టరుని వెతుక్కోవడమే కష్టం.

ఇక మరో డిసెంబరు సంగతి. 2013లో క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు టొరంటో చుట్టుపక్కల మంచు వాన కురిసింది. కొమ్మలు గాజుపూత పూసినట్టై విరిగి తీగల మీద పడ్డాయి. టొరంటో నగరంలోనే దాదాపు 3 లక్షల కనెక్షన్లకి కరెంటు పోయింది. బ్రాంప్టన్ మిత్రుడి ఇల్లూ చీకటే. అందరం చలి గురించే కంగారు పడ్డాం, ట్యాంకుకి దుప్పట్లు చుట్టాం. ఎందుకో బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"వేడి సంగతి తర్వాత చూద్దువుగానిరా. మూతి పైకి పెడుతున్నాయా?"

టార్చి వేసి చూస్తే గ్రూపర్ నీటి అంచున నోరు తెరిచి ఉంది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చెరువు తేలిపోవడం చూసిన మనిషికి గాజుపెట్టె కొత్తేం కాదు. టన్నుకి పైగా ఉన్న నీళ్లు చల్లారడానికి గంటలు పడుతుంది, పెద్ద చేపలు గాలి తినేయడానికి అంతసేపు పట్టదు. "చెంబుతో ముంచి ఎత్తు నుంచి పొయ్యండి" అన్నాడు. వంతులేసుకుని పోశాం. తెల్లవారాక ఎవరో బ్యాటరీ ఎయిర్ పంపులు తెచ్చారు. గ్యాస్ పొయ్యి మీద నీళ్లు కాచి, సీసాల్లో పోసి సంప్‌లో తేలేశాం. రెండో రోజు రాత్రి కరెంటు వచ్చింది. ఒక టాంగ్ పోయింది, మిగతావన్నీ నిలిచాయి.

ఇంత శ్రమ ఎందుకంటే నా దగ్గర పెద్ద జవాబు లేదు. పగడాలు పెంచే రీఫ్ వాళ్లు మమ్మల్ని కాస్త చిన్నచూపే చూస్తారు, మా ట్యాంకుల్లో రంగుల తోట ఉండదు. ఉన్నదల్లా మనిషిని గుర్తుపట్టే చేప. మిత్రుడు మెట్లు దిగితే ముందుకొస్తుంది, నేను దిగితే రాళ్ల వెనక్కి పోతుంది, కొని తెచ్చింది నేనైనా సరే. గ్రూపర్లు ఆడవిగా మొదలై తర్వాత మగవవుతాయి. మన పండుగప్పది సరిగ్గా తిరగేసిన కథ. ఈ ప్యాంథర్ గ్రూపరే హాంకాంగ్ హోటళ్లలో బతికుండగా తూకమేసి అమ్మే అతి ఖరీదైన వాటిల్లో ఒకటి. మూతి కోసుగా ఉంటుంది గనక అక్కడ ఎలుక పేరుతో పిలుస్తారు. బాబాయ్ ప్రశ్నకి అక్కడైతే సరైన జవాబే దొరికేది.

పెంచుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన చేదు సంగతి కూడా ఉంది. 1960ల నుంచి ఫిలిప్పీన్స్‌లో పగడాల సందుల్లో సైనైడు చిమ్మి, మత్తెక్కిన చేపల్ని పట్టేవాళ్లు. చేప దుకాణం దాకా బతికి తర్వాత పోయేది, పగడం అక్కడే చచ్చేది. విషానికి బదులు వలతో పట్టడం అక్కడి బెస్తలకి నేర్పించాలని పూనుకున్నవాళ్లలో ఒట్టావా మ్యూజియంలో చేపల శాస్త్రవేత్తగా పనిచేసిన డాన్ మెకలిస్టర్ ఒకడు. అందుకే హేచరీలో పుట్టిన పిల్ల దొరికితే ధర కాస్త ఎక్కువైనా అదే కొనాలంటాను.

సాకలేకపోతే? పెద్ద అక్వేరియాలు తీసుకుంటాయనే ఆశ పెట్టుకోవద్దు. టొరంటోలో 2013లో తెరిచిన రిప్లీస్ అక్వేరియంలో 57 లక్షల లీటర్ల నీళ్లున్నాయి నిజమే, అలా అని ఊళ్లోవాళ్లు వద్దనుకున్న ప్రతి చేపకీ అక్కడ చోటుండదు. బయట వదిలేయడం ఇంకా ఘోరం. ఇండో-పసిఫిక్ సముద్రాల లయన్‌ఫిష్ 1985లో ఫ్లోరిడా దగ్గర మొదట కనబడింది, ఇవాళ బ్రెజిల్ దాకా పాకింది. 2012లో బ్రిటిష్ కొలంబియాలోని బర్నబీలో, ఒక పార్కు కొలనులో వింత చేప కనబడిందని నీళ్లు తోడి పట్టుకున్నారు. మన కొరమీను వంశానిదే. ఒంటారియోలో అయితే బతికున్న కొరమీను జాతిని అమ్మడం, దగ్గర పెట్టుకోవడం 2005 నుంచే నిషేధం. బాబాయ్‌కి చెబితే నమ్మలేదు. "కొరమీను దొరికితే పోలీసులొస్తారా?" అని రెండుసార్లు అడిగాడు.

మిత్రుడు ఇప్పుడు ఇల్లు మారాలనుకుంటున్నాడు. మొన్న ఆదివారం అమ్మకానికున్న ఇల్లొకటి చూడ్డానికి నన్నూ తీసుకెళ్లాడు. వాళ్లావిడ వంటగది చూస్తోంది, ఏజెంటు స్కూళ్ల గురించి చెబుతున్నాడు. ఈయన జేబులోంచి టేపు తీసి, బేస్‌మెంటు మెట్ల మలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వెడల్పు కొలుస్తున్నాడు.